ముడికి తోక మిగిలితే పిట్ట వదలదు

నిన్న సాయంత్రం కర్రకు కట్టిన టమోటా కొమ్మ తెల్లారేసరికి నేల మీద వాలి ఉంటుంది. కర్ర ఉంటుంది, చెట్టు ఉంటుంది, మధ్యలో సుతిలి మాత్రం ఉండదు, చాలాసార్లు ఏదో పిట్ట ఎత్తుకుపోయి ఉంటుంది. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో మిద్దెతోటలు, పెరటి పందిళ్ళు పెట్టుకున్నవాళ్ళకు ఎండాకాలం మొదట్లో ఒకసారి, మృగశిర కార్తె దాటాక మరోసారి ఈ తలనొప్పి తప్పదు. దిష్టిబొమ్మలు నిలబెట్టేవాళ్ళు, పాత సీడీలు వేలాడదీసేవాళ్ళు, కారం చల్లేవాళ్ళు ఉన్నారు. వాటితో అయ్యే పని తక్కువ. ఆ పిట్ట వచ్చింది గూటికి పీచు కోసం. ముక్కుకు అందేలా ఒక కొస దొరికితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. కాబట్టి జాగ్రత్త అంతా దేనితో కడుతున్నాం, ముడి ఎలా వేస్తున్నాం అన్న దగ్గర పడాలి.

ముందు దొంగ ఎవరో తేల్చుకోవాలి

ఊడిన ప్రతి కట్టునూ పిట్టల ఖాతాలో వేయకండి. మిగిలిన ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

కట్టు మొత్తం మాయమై, చుట్టుపక్కల ముక్క కూడా దొరక్కపోతే అది కాకి పని. కాకి ముడిని అటూ ఇటూ గుంజి వదులు చేస్తుంది, కొసను కాలికింద తొక్కిపట్టి లాగుతుంది. సన్నటి బైండింగ్ తీగ ముక్కలను కూడా వదలదు. ఊళ్ళలో కాకిగూడు కిందపడితే పుల్లల మధ్య ఇనప తీగలు కనిపించడం కొత్తేమీ కాదు.

కట్టు అక్కడే ఉండి, నూగు లేచి సన్నబడిందంటే పిచ్చుకలో, పిగిలిపిట్టలో, తేనెపిట్టలో వచ్చాయని లెక్క. ఇవి ముడి విప్పవు. ఒక్కో పోగునూ పీక్కుపోతాయి. నాలుగు రోజులకు సుతిలి దారమంత అయిపోయి, గాలి వీచినప్పుడు పుటుక్కున తెగుతుంది. తెగింది గాలికి, తెంపింది పిట్ట.

బల్లపరుపుగా ఉండే ప్లాస్టిక్ సుతిలి నిలువునా పీలికలై వేలాడుతుంటే గిజిగాడిని అనుమానించాలి. జొన్న ఆకు, చెరకు ఆకు, ఈత ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఎగురుతూ నిలువునా చీల్చుకుపోవడం దాని విద్య. ప్లాస్టిక్ పోగులు దాని గూళ్ళలో కనిపిస్తూనే ఉంటాయి.

కొస కత్తిరించినట్టు తెగి, కింద చిన్న తునకలు రాలి ఉంటే ఉడుతో ఎలుకో కొరికింది. వేళ్ళ మధ్య నలిపితే పొడిపొడి అయ్యే ప్లాస్టిక్ అయితే అది ఎండ దెబ్బ. మన ఎండలకు చవక రకం ప్లాస్టిక్ సుతిలి ఒక్క వేసవి నిలవడమే గొప్ప. కర్రకు ఆనిన చోట మాత్రమే అరిగి తెగితే గాలి రాపిడి.

ఇంకా అనుమానం ఉంటే చిన్న పరీక్ష ఉంది. తోటలోనే ఒక ఖాళీ కర్రకు జానెడు జనపనార సుతిలి ఒకటి, అంతే పొడవు సైకిల్ ట్యూబు ముక్క ఒకటి కొసలు వేలాడేలా కట్టండి. రెండు రోజులు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా దూరం నుంచి గమనించండి. సుతిలి పోయి రబ్బరు మిగిలితే పిట్టే. రెండూ మిగిలి మీ కట్లు మాత్రం తెగుతుంటే కారణం వేరే వెతకాలి.

ఏ నెలల్లో ఎక్కువ

కాకులు ఉగాది అటూ ఇటూగా గూళ్ళు మొదలుపెట్టి వేసవంతా కడతాయి. పిగిలిపిట్టలదీ దాదాపు అదే కాలం. వేసవి పంటగా వేసిన బీర, కాకర, సొర తీగలు పందిరెక్కేది కూడా సరిగ్గా అప్పుడే. గిజిగాడు వానలు పడి గడ్డి ఏపుగా లేచాక, జూన్ నుంచి సెప్టెంబరు దాకా పనిలో ఉంటుంది. ఖరీఫ్ టమోటాకు కర్రలు పాతేది ఆ రోజుల్లోనే. పిచ్చుకకు కాలం లేదు, ఏడాది పొడుగునా ఏదో ఒక మూల కడుతూనే ఉంటుంది.

ఆషాఢం గాలి కూడా ఈ లెక్కలో ఉంది. పిట్ట సగం పీకిన కట్టును తెంపేది అదే. అందుకే జూన్ మొదటి వారంలో పాత కట్లన్నీ ఒకసారి లాగి చూసి, నూగు లేచినవాటిని మార్చేయాలి.

దేనితో కట్టాలి

పాత సైకిల్ ట్యూబు మన ప్రాంతానికి బాగా సరిపడే వస్తువు. గూటికి రబ్బరు పనికిరాదు కాబట్టి పిట్టలు దాని జోలికి రావు. లాగినా సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. పంక్చరు షాపులో పారేసే ట్యూబును నిలువునా చీల్చి, కడిగి ఆరబెట్టి, సెంటీమీటరున్నర వెడల్పు పట్టీలుగా, ఒక్కొక్కటి 25 సెం.మీ. పొడవున కత్తిరించండి. ఒక్క ట్యూబుకు ఇరవై ఇరవై ఐదు కట్లు తేలిగ్గా వస్తాయి. పట్టీ సెంటీమీటరు కన్నా సన్నగా ఉంటే కాడను కోస్తుంది. సాగదీసి కట్టకండి, సాగిన రబ్బరు కాడను నొక్కుతూనే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఎండకు పగుళ్ళు వస్తాయి, అప్పుడు మార్చాలి.

రెండోది డ్రిప్ పైపు. చీనీ (బత్తాయి) తోటలున్న ప్రతి ఊళ్ళోనూ పనికిరాని 16 మి.మీ. లేటరల్ పైపులు, అంటే మొక్కల వరస వెంట వేసే సన్న గొట్టాలు, గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ఒక పక్క నిలువునా గాటు పెడితే నోరు తెరిచిన ఉంగరం తయారవుతుంది. విప్పి కాడనూ సన్నటి వెదురు బద్దనూ కలిపి లోపలికి తోస్తే తనంతట తనే మూసుకుంటుంది. ముడి లేదు, కొస లేదు, పిట్టకు పట్టే లేదు. ఇరవై మొక్కలకు మూడేసి చొప్పున అరవై ఉంగరాలకు మీటరుంబావు పైపు సరిపోతుంది. అయితే దీని లోపలి కొలత తక్కువ. కాడా బద్దా కలిపి వేలెడు మందం దాటితే ఇరుకైపోతుంది, అప్పుడు 20 మి.మీ. పైపు కోసుకోవాలి. ఇంకో సంగతి, నల్ల పైపు మిట్టమధ్యాహ్నం కాలిపోతుంది. లేత కొనకు తగిలేలా పెడితే ఆ చోట కాడ కమిలి గోధుమరంగుకు తిరుగుతుంది. ముదిరిన కాడకే, అదీ ఆకునీడ పడే చోట పెట్టండి.

పాత నూలు చీర పేలికలు కాడకు మెత్తగా ఉంటాయి, ఇంట్లోనే దొరుకుతాయి. చింపిన అంచు నుంచి పోగులు ఊడటమే వాటితో చిక్కు. ఒక్క పోగు బయటికొస్తే చిన్నపిట్టలు పేలికంతా పోగులు పోగులుగా లాగేస్తాయి. చీర అంచు పట్టీనే కత్తిరించుకుంటే అది గట్టి నేత కాబట్టి పోగు ఊడదు. ఒళ్ళులోంచి చింపినదైతే రెండు అంచులూ లోపలికి మడిచి కట్టాలి.

జనపనార సుతిలి, కొబ్బరి తాడు పిట్టలకు పండగ. వాడక తప్పదంటే మైనం పట్టించి వాడండి. కొవ్వొత్తి ముక్కను సుతిలి మీద నాలుగైదుసార్లు గట్టిగా రుద్దితే నూగు అణిగిపోతుంది, పోగు విడిగా రాదు. ఎండకు మైనం కరిగి పలచబడుతుంది గనక ఏప్రిల్, మే నెలల్లో ఇది నెల రోజుల ఉపాయమే అనుకోవాలి. తేనెమైనం దొరికితే ఇంకాస్త మన్నుతుంది.

కేబుల్ టై అనే ప్లాస్టిక్ బిగింపు పట్టీని కాకి కూడా విప్పలేదు. కానీ కాడ లావెక్కేకొద్దీ అది కోసుకుపోతుంది. చాలామంది మొక్కలు పిట్టల వల్ల కాక దీనివల్లే పోగొట్టుకుంటారు. కర్రకూ అడ్డకర్రకూ, పందిరి గుంజకూ తీగకూ మధ్య దీన్ని నిశ్చింతగా వాడొచ్చు. బతికున్న కాడకు మాత్రం వద్దు. తెల్ల రకం ఎండకు త్వరగా పెళుసెక్కుతుంది, నల్లవి తీసుకోండి. బైండింగ్ తీగకూ ఇదే మాట. కర్రలకు సరే, కాడకు వద్దు.

ముడి వేసే తీరు

అసలు విద్య ఇక్కడుంది. చాలామంది పీటముడి వేసి, రేపు విప్పుకోవడానికి వీలుగా ఉంటుందని రెండు కొసలూ జానెడేసి వదిలేస్తారు. గాలికి ఊగే ఆ తోకే పిట్టను పిలుస్తుంది. జారుముడి అయితే మరీ సుఖం, ఒక్క లాగుడుకు ఊడి చేతికొస్తుంది, అంటే ముక్కుకొస్తుంది.

ముందు కట్టును కర్రకు బిగించాలి. పట్టీని కర్ర చుట్టూ రెండు చుట్లు తిప్పి ఒక ముడి వేయండి, ఇక్కడ గట్టిగా లాగొచ్చు. తర్వాత రెండు కొసలనూ ఒకదాని మీదుగా ఒకటి దాటించి, ఎనిమిది అంకె ఆకారంలో కాడ చుట్టూ తెచ్చి మళ్ళీ కర్ర వైపుకే తీసుకురండి. కాడ ఉన్న చుట్టులో చిటికెన వేలు దూరేంత ఖాళీ ఉండాలి. ఆఖరి ముడి కాడ పక్కన పడకూడదు. కర్ర వెనక, వీలైతే ఆకుల కింద పడాలి. పీటముడి వేసి, దాని మీద ఇంకో చుట్టు ముడి వేయండి.

ఇప్పుడు తోక. రబ్బరుకు, గుడ్డకు ఒక సెంటీమీటరు ఉంచి కత్తిరించండి. నైలాన్ జారుడు దారం, సెంటీమీటరు తోకతో ముడి తనంతట తనే జారిపోతుంది. కత్తిరించాక కొసకు అగ్గిపుల్ల చూపిస్తే కరిగి చిన్న గుండు కడుతుంది, ఇక జారదు, పోగులూ విడవు. మొక్కకు కట్టాక నిప్పు చూపించడం ప్రమాదం, ముక్కలు కోసుకున్నప్పుడే రెండు కొసలూ కాల్చుకోండి. జనపనార సుతిలి అయితే తోకను కోయకుండా దాచొచ్చు. సుతిలి పురిని గోటితో కాస్త విప్పి, ఆ సందులోంచి కొసను దూర్చి లాగి, వేలెడు దూరంలో ఇంకోసారి దూర్చండి. పురి మళ్ళీ బిగుసుకుంటే కొస ఎక్కడుందో మీకే కనపడదు. ముళ్ళన్నీ ఇలా వేయాలంటే పొద్దుపోతుందనుకునేవాళ్ళు మొక్క పైభాగాన ఉన్న కట్లకు చేస్తే చాలు. పిట్ట ముందు వాలేది పైనే.

కట్టిన తర్వాత నేల మీద పడ్డ ముక్కలన్నీ ఏరేయండి. కింద దొరికిన ముక్కతో కాకికి రుచి తెలుస్తుంది, ఆ తర్వాత పైకి చూస్తుంది. ప్లాస్టిక్, నైలాన్ పోగులు గూటికి చేరితే పిల్లల కాళ్ళకు చుట్టుకుని, కాలు వాచి, ఎగరలేక అక్కడే చస్తాయి. ఈ ఏరడం ఒక్కటీ బద్ధకించకూడని పని.

పందిరి కింద వేలాడే పురికొసలు

బీర, కాకర తీగలు పాకడానికి పైనుంచి దించే పురికొసలే అన్నిటికన్నా ఎక్కువ పోతాయి. కింది కొస వదులుగా గాలిలో ఊగడమే దానికి కారణం. బిగువుగా లాగిన దారాన్ని పిట్ట పట్టుకోలేదు, నిలబడి గుంజడానికీ వీలుండదు. పైన జీఐ (జింకు పూత ఇనప) తీగకు రెండు చుట్లు తిప్పి ముడి వేశాక, ముడి పక్కనే ఒక డ్రిప్ పైపు ఉంగరం తీగకు తొడిగితే పురికొస పక్కకు జరగదు, ముడీ మూసుకుపోతుంది. కింద మొక్కకు జానెడు దూరంలో అడుగు పొడవు గూటాన్ని మొక్కకు ఎదురుగా ఏటవాలుగా దిగ్గొట్టి, పురికొసను దానికి బిగించండి. మీటితే చిన్నగా మోగాలి, అంత బిగువు. కుండీల్లో గూటం నిలవదు కాబట్టి కుండీ అంచు కింద చుట్టూ ఒక తీగ వేసి దానికి కట్టుకోవాలి.

తీగ మూడు నాలుగు అడుగులు పాకాక దాని నులితీగలే పురికొసను చుట్టి కాపాడతాయి. అప్పటిదాకా, అంటే మొదటి మూడు నాలుగు వారాలే కాపలా కాలం. ఆ నెల గడిస్తే చాలు.

తమలపాకు తీగకు పద్ధతి వేరు. కడప పక్కన చెన్నూరు పేరు చెబితే గుర్తొచ్చే ఆ పంటలో తీగను అవిశ చెట్టుకు పాకించి, 15-20 సెం.మీ.కు ఒకటి చొప్పున అరటి నారతో వదులుగా కడతారు. అరటి నార ఎండాక పిట్టలు దాన్నీ పీకుతాయి. అయినా రబ్బరుకు మారాల్సిన పని లేదు, కణుపు దగ్గర వేళ్ళు పట్టుకునేదాకా నిలిస్తే దాని పని అయిపోయినట్టే. నారను తడిపి కట్టి, కొసను చుట్టు కిందికి దోపితే సరిపోతుంది.

కర్ర కదిలితే కట్టు నిలవదు

పిట్ట వాలిన ప్రతిసారీ కర్ర ఊగుతుంటే ఏ ముడైనా వదులవుతుంది. ఆరడుగుల కర్రకు అనంతపురం ఎర్రనేలలో అడుగున్నర లోతు చాలు, గడ్డపారతో గుంట తీసి నిలబెట్టి మన్ను కొట్టాలి. కర్నూలు నల్లరేగడిలో రెండడుగులు దించాలి. ఎండలకు రేగడి నెర్రెలు విచ్చితే కర్ర కదిలే పన్నులా ఊగుతుంది. కర్ర చుట్టూ బెత్తెడు వెడల్పున మన్ను తీసి గులకరాళ్ళూ దొడ్డు ఇసుకా కూరితే నెర్రె విచ్చినా పట్టు పోదు. కర్రను మొక్క నాటిన రోజే, కాడకు నాలుగు వేళ్ళ దూరంలో పాతండి. తర్వాత పాతితే మొక్క వేళ్ళు తెగుతాయి.

కర్ర కొన కాకికి కూర్చోవడానికి పీట. పీట తీసేస్తే సగం గొడవ తగ్గుతుంది. అర లీటరు నీళ్ళ బాటిల్‌ను బోర్లించి కర్ర కొనకు వదులుగా తొడగండి. కాకి వాలగానే బాటిల్ పక్కకు ఒరుగుతుంది, రెండుసార్లు జారాక అది ఇంకో చోటు చూసుకుంటుంది. బిగుతుగా తొడిగితే కాకికి మంచి స్టూలు తయారుచేసి ఇచ్చినట్టే. వంగి పని చేసేటప్పుడు కర్ర కొన కంట్లో గుచ్చుకోదు, అదొక లాభం.

నల్లమల అంచు ఊళ్ళలో నెమళ్ళు వస్తాయి. మగ నెమలి నాలుగు నుంచి ఆరు కిలోలు తూగుతుంది, వెదురు బద్దల మీద వాలితే కట్ల మాట అటుంచి బద్దలే విరుగుతాయి. అక్కడ బద్దలు మాని సర్వి కట్టెలు వాడుకోవాలి.

పిట్టకు కావలసింది వేరే చోట పెట్టండి

కట్లను గట్టి చేసుకున్నాకే ఇది పనికొస్తుంది, దానికి బదులుగా కాదు. తోటకు పదిహేను అడుగుల అవతల, వేపచెట్టుకో గోడకో ఒక చిన్న జాలీ బుట్ట తగిలించి కొబ్బరి పీచు, ఎండుగడ్డి వదులుగా కూరండి. పీచు మూడంగుళాలకు మించి పొడవుండకూడదు, పొడుగు పోగులు కాళ్ళకు చుట్టుకుంటాయి. నైలాన్, ప్లాస్టిక్, తల వెంట్రుకలు పెట్టొద్దు. తడిస్తే మార్చాలి, కుళ్ళిన పీచును పిట్ట ముట్టదు.

వేసవిలో డ్రిప్ పైపు కీళ్ళనూ సన్నటి మైక్రో ట్యూబులనూ పిట్టలు పొడిచేది దాహానికి. రెండు మూడు వేళ్ళ లోతున్న మట్టి మూకుడులో నీళ్ళు పోసి, మధ్యలో వాలడానికి ఒక రాయి ఉంచి, అదీ తోటకు దూరంగానే పెట్టండి. తోట నడుమ పెడితే నీళ్ళకొచ్చిన పిట్ట కట్లు చూసిపోతుంది. రెండు రోజులకోసారి నీళ్ళు మార్చకపోతే దోమలు పెరుగుతాయి.

వల, మెరుపు రిబ్బను, కారం

మెరుపు రిబ్బను పదిరోజుల పాటు పనిచేస్తుంది. ఆ తర్వాత పిట్టలు దాని పక్కనే కూర్చుంటాయి. కాబట్టి కొత్తగా కట్లు కట్టిన వారం మాత్రమే, రిబ్బను మెలితిప్పి గాలికి మోగేలా కట్టి, తర్వాత తీసి దాచుకోండి. దిష్టిబొమ్మ కథ కూడా ఇంతే.

కారం దండగ. కారపు మంట పిట్టలకు తెలియదు, పండుమిరపకాయలను చిలుకలూ పిగిలిపిట్టలూ హాయిగా తినేది అందుకే. ఉడుతకు మాత్రం తెలుస్తుంది, దొంగ ఉడుతేనని తేలితే కట్టుకు కారం నీళ్ళు రాయొచ్చు. కిరోసిన్, పాత ఇంజనాయిలు రాస్తే పిట్ట రాదేమో గానీ కాడ మాడుతుంది. జిగురు బద్దలు పెట్టడం క్రూరత్వం.

వల వేస్తే బిగువుగా వేయాలి, అంచులు నేలకు ఆనించి రాళ్ళు పెట్టాలి. వదులు వలలో పిట్టలే కాదు, ఎలుకలకోసం వచ్చే జెర్రిపోతులూ చిక్కుకుని ఎండకు చస్తాయి. పొద్దున, సాయంత్రం రెండుసార్లూ చూడలేనివాళ్ళు వల వేయకపోవడమే మంచిది. మిద్దె మీది పది కుండీలకైతే పాత దోమతెర ముక్కను పైకట్టు చుట్టూ జానెడు వెడల్పున చుట్టి, దాని కొసలు లోపలికి దోపితే చాలు. దాని కన్నాలు చిన్నవి గనక ఏ కాలూ ఇరుక్కోదు.

గూడు కట్టేసిందా?

ఇన్ని చేసినా తేనెపిట్ట మీ పందిరి పురికొసకే గూడు వేలాడదీయొచ్చు. ముడిసరుకు ఇంకా రెండు పుల్లల స్థాయిలో ఉంటే తీసేసి, ఆ చోట బాటిలో ఉంగరమో పెట్టి ఆపొచ్చు. గూడు పూర్తయ్యాక చేయి పెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గూళ్ళను చెదరగొట్టడాన్నీ గుడ్లు పాడుచేయడాన్నీ వేట కిందే లెక్కిస్తుంది. తేనెపిట్ట, పిగిలిపిట్ట అయితే గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి పిల్లలు ఎగిరిపోవడానికి సుమారు నెల పడుతుంది. కాకికి నెలన్నర, ఆ రోజుల్లో దాని చెట్టు కిందికి పోతే తలమీద తంతుంది, గొడుగు వేసుకుని పోవాలి. ఈలోపు గూడున్న పురికొసకు జానెడు పక్కన ఇంకోటి బిగించి తీగను దాని మీదికి మళ్ళించండి. గూడు ఖాళీ అయ్యాక కూడా వారం ఆగి, తల్లిపిట్ట మళ్ళీ రావడం లేదని చూసుకుని, పాత పురికొసను గూటితో సహా కోసి తీయండి. లోపల నైలాన్ పోగులుంటే అవి మీ తోటవో కావో రంగు చూస్తే తెలిసిపోతుంది.